బాలమల్లు ఆపిన బంతులు

ఆయితారం భైంసా టీంతోని ఫ్రెండ్లీ మ్యాచ్ ఆడుడా, వద్దా అని ఆ దినం దుర్గవ్వ చాయ హోటల్ల పంచాది నడుస్తున్నది.

మాది బొగ్గుబాయి కాలనీ, పాత ఇంక్లైన్ కాలనీ అంటరు. ఎనుక ఓపెన్‌కాస్ట్ బాయి, ముంగట గ్రౌండు, గ్రౌండు అంచుకు దుర్గవ్వ హోటలు. మా ఫుట్‌బాల్ క్లబ్బు పేరు సింగిడి. పంద్రాగస్టు దాటినంక చుట్టుపక్కల కాలనీలకు, ఊర్లకు కలిపి లీగు మొదలైతది. పోయినేడు ఆ లీగుల సింగిడి క్లబ్బు అందరికన్న అడుగున వడ్డది. ఆఖరి మ్యాచ్ నాటికి గ్రౌండు సుట్టు మనుషుల కంటే మేకలే ఎక్కువున్నయి, అవి సుత గడ్డి కోసం వచ్చినయి. నేను ఆ టీంల ఎక్స్‌ట్రా ప్లేయర్‌ను. అంటే ఆట ఉన్న దినం గ్రౌండుల బల్ల మీద కూసుంట, లేని దినం దుర్గవ్వ బల్ల మీద కూసుంట.

ఫ్రెండ్లీ వద్దని పట్టు వట్టింది మా కెప్టెన్ రాకేశ్. "పాయింట్లు లేవు, కప్పు లేదు. గెలిస్తే ఎవడు మెచ్చడు, ఓడితే కాలనంత నవ్వుతది. లీగు మొదలు గాక ముందే పరువు తీసుకునుడు ఎందుకు?" అన్నడు. అతని భయం వేరే ఉన్నది, అది అందరికి ఎర్కే. గోల్‌కీపర్ సిద్ధు రాకేశ్‌కు సొంత బామ్మర్ది. పోయినేడు మా మీద పడ్డ గోల్సుల సగం సిద్ధు కాళ్ళ నడుమకెల్లి పోయినయే. అయినా టీంల ఎవలు ఆ ముచ్చట ఎత్తరు. సిద్ధు సుత ఆన్నే మూలకు కూసొని చాయల ముఖం చూసుకుంటున్నడు.

దుర్గవ్వ మాత్రం ఆడాలన్నది. "లీగు మొదలైతే ఎట్లాగు ఏడుపే. దోస్తీ మ్యాచ్ అయ్యేదాకనన్న ఈయేడు మనమే గెలుస్తమని అనుకోనియ్యుర్రి," అని చాయ వడపోసుకుంట అన్నది.

భైంసా టీం మేనేజరు గంగుబాయి సుత ఆన్నే ఉన్నది. ఫోన్ల అడిగితే మేము ఒకపాలి ఔనంటున్నం, ఒకపాలి కాదంటున్నమని ఆమెనే బస్సెక్కి వచ్చింది. నలభై దాటిన మనిషి. దినమంత పత్తి మిల్లుల పనిజేసి, సాయంత్రం పోరగాళ్ళకు ఆట నేర్పుతది. "ఆడుతరో లేదో ఒక్క మాట చెప్పుర్రి, నేను సాయంత్రం బస్సుకు పోవాలె," అని అడిగి, మా లొల్లి తెగేదాక మాట్లాడకుంట బల్ల చివర కూసున్నది.

గప్పుడొచ్చిండు బాలమల్లు. బాయిల బొగ్గు టబ్బులు నూకి నూకి రిటైరైన మనిషి. ఒకప్పుడు సింగిడి క్లబ్బుకు గోల్‌కీపర్. ఆయన నోరు తెరిస్తే దుర్గవ్వ పొయ్యి సిమ్ముల పెడతది, ఎందుకంటే ఇగ ఎవలు లేసి పోరు, చాయ మల్ల మల్ల అడుగుతరు. ఆ కొత్త మనిషి ఎవలో ఆయనకు చెప్పేంత ఎడం సుత మాకియ్యలే. "ఫ్రెండ్లీ వద్దా? ఎవడన్నడు ఆ మాట?" అనుకుంటనే వచ్చి రాకేశ్ ఎదురుంగ కూసున్నడు.

"అరె రాకేశ్, నువ్వు పుట్టక ముందటి ముచ్చట చెప్త విను. నేనేం గొప్పలు చెప్పుకునే మనిషిని గాదు, నీకెర్కే. ఫస్ట్ షిఫ్టు జేసి, బాయిలకెల్లి మీదికొచ్చి, ముఖం సుత కడుక్కోకుంట గోల్ల నిలబడ్డ. ఫ్రెండ్లీ మ్యాచ్. గదే భైంసా టీం. పత్తి లారీల వచ్చిర్రు, నెత్తినిండ దూది. వాళ్ళ సెంటర్ ఫార్వర్డు ఒకడున్నడు, తాటిచెట్టంత మనిషి, వాడు దూరంకెల్లి ఒకటి కొట్టిండు. నేను ఆపిన. అంతే. ఒక్క బంతి ఆపిన. అందుల గొప్పేమున్నది, గోల్‌కీపర్ అన్నోడు ఆపాలె."

"ఆపాలె కాకా," అన్నడు రాకేశ్, సిద్ధు దిక్కు చూడకుంట.

"అయితే ఒంటి చేత్తోని ఆపిన. రెండో చేతుల చాయ గ్లాసున్నది. దుర్గవ్వ, మీ అత్త జేసిన అల్లం చాయ, కింద పెడితే ఈగలు పడ్తయని పట్టుకున్న. చుక్క తొణకలే."

"మా అత్త చాయల అల్లం ఎన్నడెయ్యలే," అన్నది దుర్గవ్వ.

"నాకొక్కనికే ఏసేది. సరే విను. గప్పుడు సమజైంది నాకు, ఫ్రెండ్లీ అంటే ఏందో. లీగుల బంతి ఆగాలె, అంతే. ఎట్ల ఆపినవని ఎవడడగడు, ఆగకుంటె మాత్రం కాలనంత అడుగుతది. ఫ్రెండ్లీల అట్ల గాదు. పాయింటు పోదు, కప్పు పోదు, మనిషి తన దగ్గర ఏమున్నదో అంత బయటికి తీసి చూసుకోవచ్చు. పెండ్లికి తొడిగే కొత్త చెప్పులు ముందు ఇంట్ల తొడిగి నడుస్తమా లేదా? కరిసేదేదో ఇంట్లనే కరువాలె. ఇగ నేను నా దగ్గరున్నయి ఒక్కొక్కటే బయటికి తీసిన. రెండో బంతి మోకాలుతోని ఆపిన. మూడోది వీపుతోని. నాలుగోదానికి కండ్లు మూసుకున్న, బంతి గాలిల వచ్చే సప్పుడు ఇని ఆపిన. బాయి చీకట్ల పనిజేసెటోనికి కండ్లతోని ఏం పని? ఇగ నిద్రొచ్చింది. ఫస్ట్ షిఫ్టు జేసిన ఒళ్ళాయె. గోలు కాడ టువ్వాల పరిచి పండుకున్న."

"మ్యాచ్ నడుమల్నా?" అని అడిగిన నేను.

"నడుమల్నే. భైంసా వాళ్ళు బంతి తీసుకొని నా దాక వచ్చేది, నా గురక ఇనేది, లేపిన కాలు దించి వాపస్ పోయేది. మేలుకున్నోడు ఎటు దుంకుతడో అంచనా కట్టొచ్చు, నిద్రల ఉన్నోడు ఎటు పొర్లుతడో ఎవనికెర్క? వాళ్ళు మస్తు పరేషానైన్రు. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

మేము ఎర్కలేదని సుత అనలే. అన్నా, అనకున్నా ఆయన ఆగేటట్టు లేడు.

"సైరన్ మోగింది. ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగ్ టైం. ఇప్పుడు సుత ఆ మందు పేలితే మీ ఇండ్లల్ల గిన్నెలు కదుల్తయి కదా, గప్పుడు ఇంకా ఎక్కువ పెట్టేది. నేను లేసి గోల్‌కిక్కు కొట్టనీకె కాలెత్తిన, అటు మందు పేలింది. గ్రౌండంత మూరెడు మీదికి లేసింది, మనుషులు, గోల్‌పోస్టులు, మేకలు అన్ని కలిసి. కింద నుంచి భూమి నూకుడు, పక్క నుంచి నా కాలు నూకుడు, రెండు ఒక్క తాపనే తాకినయి బంతికి. పోయింది. ఎటు పోయింది? మీదికి. రెఫరీ నెత్తి లేపి చూసిండు, చూసిండు, మెడ పట్టేసింది పాపం, దించరాలే. బంతి రాలే. హాఫ్‌టైం అయింది, రాలే. చాయలు తాగినం, రాలే."

"ఇంకో బంతి పెట్టుకోకపోయిర్రా కాకా?" అన్నడు రాకేశ్.

"ఉన్న ఒక్కటి అదేనాయె. ఇగ మీద మొగులున్నది, బంతి పోయి మొగులును పొడిసింది. ఆయేడు రోహిణి కార్తెల్నే వాన ఎందుకు పడ్డదో మీ బాపును అడుగు. మనకాడికెల్లి హుస్నాబాద్ దాక రైతులు నాగండ్లు కట్టిర్రు. ఆ మొగులు బంతిని ఎత్తుకొని పోయి, పోయి, వేములవాడ మీద దించింది. ఆడ ఎవలో మొక్కున్నోళ్ళు కోడెను పట్టుకొని గుడి సుట్టు తిరుగుతున్నరు. బంతి బరాబర్ దాని కొమ్ముల నడుమ కూసున్నది. కోడె ఏమనలే, బంతితోనే సుట్టు పూర్తి జేసింది. పూజారి చూసి, ఇది ఎవల మొక్కో ఏమోనని దానికింత బొట్టు పెట్టి, మన బస్సుల ఎక్కిచ్చిండు. కండక్టరు మంచోడు, కిటికి పక్క సీటిచ్చిండు. పొద్దుగూకే యాల్లకు బంతి దిగింది. ఆట మల్ల మొదలు వెట్టినం."

"అప్పటిదాక భైంసా వాళ్ళు ఊకున్నరా?" అన్నది దుర్గవ్వ.

"ఫ్రెండ్లీ కదా దుర్గవ్వ. దోస్తు ఇంటికి వచ్చినోడు గడియారం చూస్తడా?"

బల్ల చివర గంగుబాయి చాయ తాగుడు ఆపి ఆయన దిక్కు చూసింది. కొత్త మనిషి మనసు పెట్టి ఇంటున్నదని బాలమల్లుకు జోరెక్కింది. ఆమె దిక్కు మర్రి కూసున్నడు.

"నువ్వు సుత ఇను చెల్లె. గప్పుడు ఈ ఫోన్లు లేవు. దుబాయిల ఉన్నోళ్ళకు ఏదన్న చెప్పాల్నంటే టేప్ రికార్డుల మాట్లాడి క్యాసెట్టు పంపేది. నా బామ్మర్ది పోశం దుబాయిల కూలి క్యాంపుల ఉండె. మా ఇంటామె క్యాసెట్టుల బర్రె ఈనిన ముచ్చట, బోరు ఎండిన ముచ్చట అన్ని చెప్పి, ఆఖరికి 'మీ బావ గిట్ల బంతి ఆపిండట' అని ఒక్క మాట అన్నది. పోశం ఆ క్యాసెట్టు క్యాంపుల అందరికి ఇనవడేటట్టు పెట్టిండు. గదే టైంకు లండన్ క్లబ్బొకటి దుబాయిల దిగి ఉన్నది. ఎందుకు? సీజను ముందటి ఫ్రెండ్లీలకు. వాళ్ళ దగ్గర చలాయె, ఒళ్ళు వేడెక్కదు, అందుకని ఎండ దేశాలు తిరుగుతరు. వాళ్ళ కోచ్ క్యాంపు పక్కకెల్లి పోతుండు, క్యాసెట్టు చెవుల వడ్డది, ఆగిండు. మా ఇంటామెది తెలుగు, ఆయనది ఇంగ్లీషు, మాట సమజు గాలే, గని నా పేరు చెప్పెటప్పుడు ఆమె గొంతుల భయం సమజైంది. ఈ మనిషి యాడుంటడు అని అడిగిండు."

"చిన్నమ్మకు నువ్వంటే భయమా కాకా?" అన్నడు రాకేశ్. బాలమల్లు ఇంట్ల ఎవలు ఎవలికి భయపడుతరో కాలనీకంత ఎర్కే.

"గౌరవం. భయం, గౌరవం దూరంకెల్లి ఒక్క తీరే ఇనవడ్తయి. సరే, కొన్ని దినాలకు ఇమానం వచ్చింది. యాడ దిగాలె? మన ఓపెన్‌కాస్టుల డంపర్లు నడిచే రోడ్డున్నది కదా, గంత వెడల్పు రోడ్డు ఇంకెక్కడున్నది. దాని మీద దిగింది. ముంగట బొగ్గు డంపరు పోతున్నది. ఇమానం హారన్ కొట్టింది. డంపరోడు సైడియ్యలే, బొగ్గు పోయినంకనే ఎవడన్న అన్నడు. పాపం ఇమానం డంపరెనుక మెల్లగ వచ్చి కాంటా కాడ ఆగింది. కాంటా బాబు దాన్ని తూకం సుత ఏసిండు."

"ఇమానాన్ని తూకమెందుకు?" అన్న నేను.

"బాయిలకెల్లి ఏ బండి బయటికి పోయినా తూకమేసుడే. రెక్కలున్నయని ఇడిసిపెడ్తరా? ఇగ వాళ్ళు దిగిర్రు. బంతుల సంచి ఒక్కటి, జెర్సీల సంచులు నలభై. ఏమయ్యా, ఆడనీకె వచ్చినవా, అంగడి పెట్టనీకె వచ్చినవా అని కోచ్‌ను అడిగిన. రెండు ఒక్కటే అన్నడు. వారం అంగడిల ఉల్లిగడ్డల పక్కన తాడు కట్టి జెర్సీలు ఆరేసిర్రు. కాలనీ కాలనంత ఎగవడ్డది. మనోళ్ళకు ఆ క్లబ్బు పేరు నోరు తిరగదు, అయినా జెర్సీ తొడుక్కున్నోడల్లా మా తాత నుంచి మాది ఇదే క్లబ్బు అన్నట్టు ఒకని మీద ఒకడు ఎగవడి కొట్లాడుకున్నరు. జెర్సీ ఏసుకొనే బాయిల దిగిర్రు, ఏసుకొనే పెండ్లిండ్లకు పోయిర్రు."

దుర్గవ్వ నవ్వింది. "ఇది మాత్రం నమ్ముత. మా ఇంటాయన సుత ఇప్పటికి ఒకటి ఏసుకుంటడు, ఏ దేశంది అంటే చెప్పరాదు."

"నమ్మాలె మరి. ఇగ వాళ్ళ పెద్ద ఆటగాడు ఒకడు. వాని కోసం మంచిర్యాల నుంచి, పెద్దపల్లి నుంచి జనం వచ్చి చెట్లెక్కిర్రు, నీళ్ళ ట్యాంకు ఎక్కిర్రు, ట్యాంకు మీద చోటు చాలక ఒకల భుజం మీద ఒకలు ఎక్కిర్రు. వాడు గ్రౌండుల కాలు పెట్టిండు. చెయ్యూపిండు. వంగి బూటు లేసు కట్టుకున్నడు, జనం సప్పట్లు. లేసు ఇప్పి మల్ల కట్టుకున్నడు, జనం ఏడ్చిర్రు. ఇగ ఎనుకకు పోయి ఐసుగడ్డ మీద కాలు పెట్టుకొని కూసున్నడు. అంతే, వాని ఆట అయిపోయింది. ఒక్కడన్న తిట్టిండా? తిట్టలే. ఇయ్యాల్టికి ఆ లేసు ముచ్చట చెప్పుకోని ఇల్లు ఈ కాలనీల లేదు."

"మా ఇంట్ల ఎన్నడు చెప్పుకోలే," అన్నడు సిద్ధు మెల్లగ.

"మీరు మొన్నొచ్చిన కిరాయోళ్ళు, మీకేమెర్క. ఆ తర్వాత ఏమైందో ఇను. ఆట ముందు దుర్గవ్వ వాళ్ళత్త వాళ్ళకు సర్వపిండి పెట్టింది. వాళ్ళెంబడి ఒక డాక్టరు వచ్చిండు, ఆటగాడు ఎన్ని మెతుకులు తినాలె, ఎన్ని నీళ్ళు తాగాలె అని లెక్కగట్టెటోడు. సర్వపిండి చేతుల వట్టుకొని ఇటు తిప్పిండు, అటు తిప్పిండు, ఒక ముక్క కొరికిండు, ఇగ లెక్క మర్సిపోయిండు. మొత్తం గంజెడు తిన్నడు. గెలుపు ముఖ్యం కాదు, మా వాళ్ళ ఒళ్ళు వేడెక్కాలె, ఫ్రెండ్లీ అంటే గదే అన్నడు కోచ్. ఒళ్ళు వేడెక్కాల్నంటే మా దగ్గర ఆడుడు దేనికయ్యా, ఊకె నిలబడితె సాలదా అన్న. ఇనలే. మిట్టమధ్యాన్నం ఎండల దింపిండు. బూట్ల అడుగులు కరిగి ఎక్కడోళ్ళు అక్కడ నేలకు అతుక్కున్నరు, నాటేసిన వరి లెక్క. మనోళ్ళు పారలు పట్టుకొని పోయి ఒక్కొక్కన్ని పెకిలిచ్చిర్రు."

"అయ్యో," అన్నది గంగుబాయి. బాలమల్లు వచ్చినంక ఆమె అన్న మొదటి మాట అది. బాలమల్లు ఆ మాటకు ఇంకింత ముంగటికి జరిగిండు.

"అయ్యోనే మరి. ఇగ కోచ్ మనుషులను మార్చుడు మొదలు వెట్టిండు. ఫ్రెండ్లీల ఎంత మందినన్న మార్చొచ్చు కదా. ఉన్నోళ్ళందరిని బయటికి గుంజిండు, బయటోళ్ళందరిని లోపలికి నూకిండు, మల్ల వాళ్ళను గుంజి వీళ్ళను నూకిండు. పోయెటోడు, వచ్చెటోడు తాకి పడుతున్నరు. ఆ రద్దీల మన లైన్‌మన్‌ను సుత వాళ్ళ టీంల కలుపుకున్నడు, మనోడు జెండా పట్టుకొనే ఆడిండు. వాళ్ళల్ల ఒకడు మాత్రం తొవ్వ తప్పి కంపెనీ బస్సెక్కిండు. సెకండ్ షిఫ్టు బస్సు. బాయి మీద దిగంగనే నెత్తికి టోపి పెట్టిర్రు, టోపికి లైటు పెట్టిర్రు, మస్టర్ల హాజరు పడ్డది, లోపలికి దింపిర్రు. ఆడ అందరి ముఖాలు బొగ్గుతోని ఒక్క తీరే ఉంటయాయె, ఎవడు గుర్తు పట్టలే. షిఫ్టంత టబ్బులు నూకిండు. మీదికొచ్చినంక, మీ గ్రౌండు కంటే మీ బాయే సల్లగున్నది అన్నడట. తెల్లారి టిఫిన్ డబ్బా పట్టుకొని వాడే పోయి బస్సు కాడ నిలబడ్డడు. కోచ్ పోయి గదువ పట్టుకొని బతిలాడి తోలుకొచ్చిండు."

"మరి మ్యాచ్ ఏమైంది కాకా?" అన్నడు రాకేశ్. వద్దన్న మనిషి సుత అడుగకుంట ఉండలేకపోయిండు.

"ఆఖరి దాక సున్నాకు సున్నా. గప్పుడు రెఫరీ వాళ్ళకు పెనాల్టీ ఇచ్చిండు. ఎందుకిచ్చినవయ్యా అంటే ఏం చెప్తడు, మెడ పట్టేసిన మనిషి, మీదికి చూస్తుండు, కింద ఏమైతున్నదో వానికేమెర్క. ఐసు మీద కూసున్న పెద్ద ఆటగాడు లేసిండు. జనం ఊపిరి ఆపిర్రు. వాడొచ్చి బంతి పెట్టిండు. నా ముఖం చూసిండు. నేను వాని ముఖం చూసిన. చేతులు కట్టుకొని నిలబడ్డ. కొట్టిండు. ఆ బంతిని చూడాలె దుర్గవ్వ, పొగ లేస్తున్నది దానికి. సగం దూరం వచ్చింది, నన్ను చూసింది, గాలిలనే ఆగింది. నేను ఒక్కతాప కన్నెర్రజేసిన. మర్రింది. ఎట్ల వచ్చిందో అట్లనే వాపస్ పోయి, కొట్టినోన్ని దాటి, గ్రౌండు దాటి, వాళ్ళ గోల్ల పోయి వడ్డది. ఒకటికి సున్నా. మనమే గెలిచినం. ఆ ఒక్క ఫ్రెండ్లీ గెలిచినందుకే కాలనోళ్ళు లీగు కప్పు పెట్టనీకె టేకు అల్మారి చేపిచ్చిర్రు, లీగు ఇంకా మొదలు సుత గాలే."

"లండన్ వాళ్ళు నిన్ను తీసుకపోకుంట ఎట్ల ఇడిసిర్రు?" అన్నది దుర్గవ్వ.

"ఎందుకిడుస్తరు? ఇమానం ఎక్కెటప్పుడు కోచ్ నా చెయ్యి వట్టుకున్నడు. రా, ఇల్లిస్త, కారిస్త, చలికి గొంగడి సుత ఇస్త అన్నడు. నేను పోయి ఆఫీసుల అడిగిన. లీవు సాంక్షన్ గాలే. లేకుంటె ఇయ్యాల నేను మీ నడుమ గిట్ల చాయ తాగుతుంటినా?" బాలమల్లు మీసం దువ్వుకున్నడు. "అందుకే చెప్తున్న రాకేశ్. ఫ్రెండ్లీ ఆడాలె. నా బతుకుల నా మీద ఒక్క గోలు పడలే. లీగుల పడలే, ఫ్రెండ్లీల పడలే. భైంసా కాదు, లండన్ కాదు, ఎవని తరం గాలే."

గ్రౌండు మీద సన్నగ జల్లు మొదలైంది. రాకేశ్ లేసి నిలబడ్డడు.

"కాకా, నీ ముచ్చటతోని నాకు ఒక్కటే సమజైంది. ఫ్రెండ్లీ ఆడుడు అంటే, ఆడినంక ఉన్నయి లేనియి చెప్పుకునుడే. దాంతోని మా ఆట బాగుపడేది లేదు." గంగుబాయి దిక్కు మర్రి, "ఏమనుకోకుర్రి అమ్మా, మీరు ఇంత దూరం వచ్చిర్రు, గని ఈయేడు వద్దు," అన్నడు.

గంగుబాయి గ్లాసు బల్ల మీద పెట్టింది. "సరే బాబు. పోయే ముందు ఈ దాదాతోని ఒక్క ముచ్చట మాట్లాడి పోత."

"మాట్లాడు చెల్లె," అన్నడు బాలమల్లు. "మీది ఏ ఊరన్నవు?"

"అనలే దాదా. భైంసా."

మీసం మీద ఉన్న చెయ్యి ఆన్నే ఆగింది.

"పత్తి లారీల వచ్చిర్రన్నవు కదా, ఆ లారీల నేను సుత ఉన్న. చిన్న పిల్లను గప్పుడు. నువ్వు చెప్పిన ఆ పొడుగు మనిషి మా అన్న. ఆటంత నేను నీ గోలు ఎనుకనే కూసున్న దాదా. మా వాళ్ళు కొట్టే గోల్సు దగ్గర్నుంచి చూడాల్నంటే చోటు గదే కదా."

దుర్గవ్వ పొయ్యి బంద్ చేసింది. "ఎన్ని చూసినవమ్మా?"

"తొమ్మిది."

ముందు నేనే నవ్విన. ఇగ బల్లలన్ని నవ్వినయి. బాలమల్లు మాత్రం చాయ గ్లాసుల ఏదో వడ్డట్టు దాంట్లకే చూస్తున్నడు. గంగుబాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"నవ్వకుర్రి, ముచ్చట అయిపోలే. ఆ దినం మేము లారీల పాటలు పాడుకుంట పోయినం. ఆయేడు లీగు ఫైనల్ల మల్ల మీ కాలనీ టీమే మాకు ఎదురువడ్డది. వీళ్ళకు తొమ్మిది కొట్టినోళ్ళం మేము అని ఇరగబడుకుంట వచ్చినం. వచ్చి చూస్తే గోల్ల వేరే మనిషి నిలబడి ఉన్నడు. దాదా బయట బల్ల మీదున్నడు. మా అన్న ఆటంత కొట్టిండు, ఒక్కటి పోలే. కప్పు మీరు ఎత్తుకున్నరు. ఇంటికి పోయే తొవ్వల మా అన్న ఒక్కటే మాట అన్నడు, ఇప్పటికి అదే అంటడు. ఆ దోస్తీ మ్యాచ్ల మనం తొమ్మిది కొట్టకుంట ఉంటె, వాళ్ళు ఆ గోల్‌కీపర్‌నే ఉంచుకుందురు పిల్లా, కప్పు మనది అయితుండె అంటడు."

ఇగ ఎవలు నవ్వలే. గంగుబాయి రాకేశ్ దిక్కు చూసింది.

"దోస్తీ మ్యాచ్ ఫాయిదా గంతే బాబు. లీగుల పోయే పరువు జర ముందే పోతది, సదురుకోనీకె ఎడం దొరుకుతది. మేము గెలువనీకె వస్తలేం. మా ఎనుక వరుసల ఆడెటోళ్ళు ఈయేడు అందరు కొత్తోళ్ళే. యాడ బొక్కలున్నయో చూసుకోనీకె వస్తం అంటున్నం."

మేమందరం ఎటన్న చూడాల్నని చూస్తున్నం, ఒక్క సిద్ధు దిక్కు తప్ప. ఆఖరికి సిద్ధునే గ్లాసు కింద పెట్టి లేసిండు.

"ఆడుదాం బావా. నన్నే నిలబెట్టు. ఎన్ని పడితె అన్ని పడని, కాలనంత చూడని. తర్వాత నువ్వు ఎవల్ని నిలబెట్టినా నేనేమనుకోను." జర ఆగి, "అక్కకు నేను చెప్పుకుంట," అన్నడు.

రాకేశ్ భుజాలు కిందికి దిగినయి. పోయినేడు నుంచి ఆ మనిషి మోస్తున్న బరువు ఏందో నాకు గప్పుడు కనవడ్డది. బామ్మర్ది వీపు మీద చెయ్యి ఏసి, "ఆయితారం రార్రి అమ్మా," అన్నడు గంగుబాయితోని. "మీ టీంకు మధ్యాన్నం బువ్వ మా దగ్గర్నే."

దుర్గవ్వ ఆమెకు ఇంకో చాయ పోసింది. తాగినంక గంగుబాయి కొంగు నెత్తిన కప్పుకొని, జల్లులనే బస్సు ఆగే దిక్కు నడిచింది. పోరగాళ్ళు ఆయితారం ఎవలు ఎక్కడ ఆడాల్నో అప్పుడే లొల్లి మొదలు వెట్టిర్రు. బాలమల్లు లేసి రేకుల కిందికెల్లి బయటికి వచ్చిండు.

"చెల్లె," అని పిలిచిండు.

ఆమె ఆగి ఎనుకకు మర్రింది. నేను సుత చెవులు రిక్కించిన.

"మీ అన్నకు ఒక్క మాట చెప్పు."

"చెప్పు దాదా."

"తొమ్మిది గాదు, ఎనిమిదే. ఆరోది ఆఫ్‌సైడ్."